శుక్రవారం వస్తుందని చెప్పిన సీరియల్

ఇంటర్నెట్ పనిచేయడం లేదని చెప్పడానికి ఎవరైనా చాలు. పనిచేస్తోందని ఒప్పించడానికి మాత్రం మనిషికి ఓపిక, ఆయుష్షు రెండూ కావాలి. ఈ రెండో పనిని నేను చిత్తూరులో చాలా ఏళ్లు చేశాను. అంతకుముందు కేబుల్ టీవీ వైర్లు భుజాన వేసుకుని స్తంభాలెక్కాను. మోకాళ్లు మొరాయించాక కంపెనీ వాళ్లు నన్ను కిందికి దించి, కంప్లెయింట్ల విభాగానికి సూపర్‌వైజరు అని పేరు పెట్టి, ఒక తిరిగే కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీ తిరిగేది కాదు. దాని మీద కూడా కంప్లెయింటు రాసి పైకి పంపాను. మర్నాడే ‘పరిష్కరించబడింది’ అని జవాబు వచ్చింది. కుర్చీ మాత్రం ఎప్పటిలాగే గోడ వైపు చూస్తూ ఉండిపోయింది.

మా విభాగంలో పరిష్కరించడం వేరు, మూసేయడం వేరు. కంప్యూటరు తెర మీద తేలని కంప్లెయింటు ఎర్రగా కనిపించేది, మూసేసింది పచ్చగా కనిపించేది. సాయంత్రం ఆరుకు తెరంతా పచ్చగా ఉంటే మా మేనేజరు ప్రశాంతంగా ఇంటికి వెళ్లేవాడు. పచ్చదనంలో నా తెరకు చుట్టుపక్కల ఆఫీసుల్లో మంచి పేరుండేది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ నన్ను బజారులో ఆపి, మీ కాలంలో పెండింగే ఉండేది కాదంట కదా సార్ అని అడుగుతుంటారు. ఉండేది కాదు, నిజమే. ఎందుకు ఉండేది కాదో ఆ పిల్లలకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుందనగా ఒక సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి తెర ఎర్రగా ఉంది. ముందు డెస్కులో ఫోన్లు ఎత్తే అమ్మాయి అప్పటికే వచ్చి కూర్చుంది. ఆ అమ్మాయిది శ్రీకాళహస్తి. వాళ్ల నాయన గుడ్డల మీద కలంకారీ బొమ్మలు వేస్తాడు. తను చిత్తూరులో హాస్టల్లో ఉంటూ మా దగ్గర మూడేళ్లుగా పనిచేస్తోంది. మాట తక్కువ. ఆ రోజు ఇంకా తక్కువ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జలుబా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

కంప్లెయింట్లన్నీ ఒకే మాదిరి: నెట్ రావడం లేదు. లైన్లు పరీక్ష చేస్తే అన్నీ బాగున్నాయి. మా టెక్నీషియన్‌ను ఊళ్లోనే ఉన్న గిరింపేటకు పంపించాను. అక్కడ ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ ఉండేవారు. మొదటి కంప్లెయింటు ఆమెదే, రెండోది కూడా ఆమెదే. టెక్నీషియన్ అక్కడి నుంచి ఫోన్ చేసి, నెట్ దివ్యంగా ఉంది సార్, టీవీలో ఏదో ఇంగ్లీషులో రాసి ఉంది, మేడం నన్ను బయటికి పోనివ్వడం లేదు అన్నాడు. టీవీ తెరను ఫోటో తీసి పంపించాడు. ఇన్నాళ్లు ఆదరించినందుకు ధన్యవాదాలు, మీ దేశంలో మా సేవలు ముగిశాయి అని దాని సారాంశం.

అప్పుడు డెస్కు అమ్మాయి నోరు విప్పింది. అది కొరియా సీరియళ్లను తెలుగులో మాట్లాడించి చూపించే యాప్ అట. నెల ముందే అందరికీ నోటీసు పంపారట. అలాంటి నోటీసులు ఎవరు చదువుతారు? తను కూడా చదవలేదు. కళ్లు ఎందుకు ఎర్రగా ఉన్నాయో అప్పుడు అర్థమైంది.

ఏడాదిగా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మా లైన్లన్నీ నిండిపోతుండేవి. ఈ ప్రాంతంలో ఆన్‌లైన్ చదువుల పట్ల ఆసక్తి పెరిగిందని మా మేనేజరు పైకి రిపోర్టు రాసి అభినందనలు కూడా అందుకున్నాడు. ఆ చదువులు ఏమిటో ఆ సోమవారం తెలిసింది. చిత్తూరు, తిరుపతి, పలమనేరులలో పాతికమంది దాకా ఆడవాళ్లు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకుని రోజుకొక భాగం చూస్తున్నారు. నాయకురాలు హెడ్‌మిస్ట్రెస్. ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని సాయంత్రం హాజరు తీసుకునేవారు. చూడనివాళ్లు కారణం రాయాలి. ఆమెది వైష్ణవ కుటుంబం. భర్త తిరుపతిలో ఒక గుడి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఇంట్లోకి ఉల్లిగడ్డ కూడా రాదు. టీవీలో మాత్రం రోజూ ఎవరో ఒకరు బతికున్న ఆక్టోపస్‌ను నములుతూ ఉండేవారట. ఇదెట్ల కుదురుతుందమ్మా అని మా టెక్నీషియన్ అడిగితే, తినేది వాళ్లు, చూసేది మనం అని ఆమె సెలవిచ్చారు.

ఆ మూడు రోజులు మా ఆఫీసుకు వచ్చిన ఫోన్లను ఎవరైనా రికార్డు చేసి ఉంటే బాగుండేది. ఒకామె తనకు ఆకలి చచ్చిపోయిందని చెప్పి, ఆ నష్టం మా కంపెనీ ఏ విధంగా తీరుస్తుందో అడిగింది. ఇంకొకామె తన వంటింట్లోని నెట్ పెట్టెను విప్పి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ బిగించింది. గ్రూపులో అందరూ తమ ఫోటోలు తీసేసి నల్లరంగు పెట్టారు. గ్రూపులో ఒకామె మొగుడు, బట్టలకొట్టు యజమాని, సోమవారం రహస్యంగా ఫోన్ చేసి, తొందరేం లేదు సార్, నిదానంగా రిపేరు చేయండి అన్నాడు. అదే మనిషి బుధవారం మళ్లీ చేశాడు. గొంతు మారిపోయింది.

“ఎట్లన్నా సేసి దాన్ని రప్పించు సార్. ఇన్ని దినాలూ ఆ కొరియావాణ్ణి సూస్తా ఉన్నింది. ఇప్పుడు పొద్దస్తమానం నన్నే సూస్తా ఉండాది.”

హెడ్‌మిస్ట్రెస్ ఒక పెద్దాఫీసులో అర్జీ ఇచ్చారు. అది ఒక టేబులు నుంచి ఇంకో టేబులుకు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరిగి, మూడు ముద్రలు వేయించుకుని, ‘తగు చర్య నిమిత్తం’ అని కొన్ని వారాల తర్వాత చివరికి నా టేబులు మీదికే వచ్చింది.

వాళ్ల బాధ యాప్ పోయినందుకు కాదు. ఒక కథ మధ్యలో తెగిపోయింది. ఆ కథ డెస్కు అమ్మాయి నాకు చెప్పింది. ఒక రేవు ఊళ్లో చిన్న నూడుల్స్ కొట్టు ఉంది. అందులో ఒక ముసలి వంటామె. చిన్నప్పుడు తప్పిపోయిన తల్లిని వెతుక్కుంటూ ఒక కుర్ర డాక్టరు ఆ ఊరికి వచ్చాడు. ఆ వంటామే అతని తల్లి. అది ఆమెకు తెలుసు, చూసేవాళ్లకు తెలుసు, అతనికే తెలియదు. మొత్తం పదహారు భాగాలు. పద్నాలుగో భాగం చివర అతను కొట్టులో కూర్చున్నాడు, ఆమె గిన్నె తెచ్చి ముందర పెట్టింది, అతను చెంచాడు పులుసు తీసి నోట్లో పెట్టుకున్నాడు. అక్కడ యాప్ ఆగిపోయింది.

ఇక నా ఘనకార్యం. గురువారం పైనుంచి తనిఖీ ఉందని మేనేజరు బుధవారం మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చాడు. మంచి కుర్రాడు, పక్క జిల్లా నుంచి బదిలీ మీద వచ్చాడు. అతనికి తెర తప్ప ప్రపంచంలో దేనితోనూ విరోధం లేదు. రేపు ఎరుపు కనబడకూడదు అని మాత్రం చెప్పి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారు. ఎప్పుడు వస్తుందో ఒక్క మాట చెప్పండి అన్నారు. కోపం లేదు గొంతులో. బడిలో ఫలితాల కోసం నోటీసు బోర్డు దగ్గర నిలబడినవాళ్ల గొంతు అది.

నేను చెప్పేశాను. పెద్ద సర్వర్ మారుస్తున్నారమ్మా, శుక్రవారం సాయంత్రం ఆరుకల్లా వచ్చేస్తుంది అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. సాయంత్రం ఆరు అని గంట కూడా చెప్పాను. అబద్ధానికి గంట జోడిస్తే జనం నమ్ముతారని స్తంభాలెక్కే రోజుల్లోనే నేర్చుకున్నాను. తర్వాత పాతిక కంప్లెయింట్లనూ వరసగా మూసేశాను. తెర పచ్చబడింది. డెస్కు అమ్మాయి నా వైపు తిరిగి, అది రాదు సార్ అంది. తెలుసు, శుక్రవారానికి మరిచిపోతారులే అన్నాను. ఆ శుక్రవారానికి నేను సగంరోజు సెలవు కూడా రాసిపెట్టుకున్నాను. ఆ సంగతి దాచడం ఇప్పుడు అనవసరం.

తనిఖీ గొప్పగా జరిగింది. వచ్చిన పెద్దమనిషి తెర చూసి, ఇట్లా ఉండాలి అని మేనేజరు భుజం తట్టాడు. మేనేజరు నా భుజం తట్టాడు. డెస్కు అమ్మాయి భుజం ఎవరూ తట్టలేదు.

శుక్రవారం ఒంటిగంటకు బ్యాగు సర్దుకుని లేస్తుండగా ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చారు. ఒకామెకు నలభై ఉంటాయి. పలమనేరులో భర్తతో కలిసి పాలకేంద్రం నడుపుతుందట. ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తున్నది ఆమె అత్త. ఎనభైకి దగ్గరగా ఉంటుంది, బక్కపలచని మనిషి. ఎడమకన్ను తెల్లగా పాలిపోయి ఉంది. కుడికన్నుతో కూడా మనిషిని నేరుగా చూడదు, తల కొంచెం పక్కకు తిప్పి, మూల నుంచి చూస్తుంది. హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి పోతూ దారిలో నాకు కృతజ్ఞత చెప్పడానికి దిగారు. కోడలు స్టీలు డబ్బా నా టేబులు మీద పెట్టింది. పాలకోవా. మీ కోసమే పొద్దున పొయ్యి మీద పెట్టినాను సార్ అంది.

నేను డబ్బా తీసుకున్నాను. ముసలామె కంటికి ఏమైందని మర్యాదకు అడిగాను. కోడలు చెప్పింది. కంట్లో ప్రెషరు. ఎడమకన్ను దానితోనే పోయింది, ఇప్పుడు కుడికన్నుకు పట్టుకుంది. తిరుపతిలో ఒక కంటాసుపత్రిలో నిన్న, అంటే గురువారం, ఆపరేషన్ చేయాల్సింది. ఆలస్యం మంచిది కాదని డాక్టరు ముందే చెప్పాడు. శుక్రవారం సీరియల్ వస్తుందని గ్రూపులో తెలిసిన తర్వాత ఈమె మొండికేసింది. ఆసుపత్రికి ఫోన్ చేసి సోమవారానికి మార్పించుకున్నారు.

ముసలామె నా గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

“కోసినాంక సూపు ఉంటాదో పోతాదో ఎవురికి తెలుసు నాయనా. ఆ బిడ్డ పులుసు నోట్లో పెట్టుకున్నాడు, ఆడనే నిలబెట్టేసినారు. అది సూసేస్తే నిమ్మళంగా పోయి పండుకుంటా ఆపరేషన్‌కి.”

ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే, ఈ జ్ఞాపకం ఇక్కడితో ముగిసేది, నాకు కొంత మర్యాద కూడా మిగిలేది. నేను చెప్పలేదు. మంచిదమ్మా, చూడండి అన్నాను. వాళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. నేను డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. డెస్కు అమ్మాయి హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

“మీరు చెప్తారా సార్, నన్ను చెప్పమంటారా?”

సెలవు కాగితం చింపేశాను. ముందు తిరుపతి ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఎప్పుడో అక్కడ నెట్ పెట్టించింది మేమే కాబట్టి కౌంటర్లో ఉన్నతను నన్ను ఎరుగును. కారణం అడిగితే నిజమే చెప్పాను. అతను డాక్టరుగారి పట్టిక తీసి చూశాడు. తర్వాత, రేపు మధ్యాహ్నం డాక్టరుగారికి ఒక ఖాళీ ఉంది, పొద్దున్నే తీసుకొచ్చేయండి అన్నాడు. ఐదున్నరకు డెస్కు అమ్మాయిని వెంటబెట్టుకుని గిరింపేటకు నడిచాను.

ఆ ఇంటి ముందర చెప్పులు వీధిలోకి వచ్చేసి ఉన్నాయి. మెట్ల మీద నలుగురు మొగుళ్లు కూర్చుని, మాట్లాడటానికి ఏమీ లేనట్టు రోడ్డు చూస్తున్నారు. లోపల పెద్ద టీవీ, దాని ముందు అద్దెకు తెచ్చిన కుర్చీలు. ఒక గంగాళం నిండా ఉల్లి, వెల్లుల్లి లేని నూడుల్స్. పుల్లలతో తినడం అందరూ ముందే ప్రాక్టీసు చేశారట, హెడ్‌మిస్ట్రెస్ పరీక్ష కూడా పెట్టారట. అన్నిటికంటే ముందు కుర్చీలో, టీవీకి జానెడు దూరంలో, పలమనేరు ముసలామె కూర్చుని ఉంది.

నన్ను చూడగానే అందరూ లేచి నిలబడి, నడుములు వంచి, కొరియా పద్ధతిలో నమస్కారం చేశారు. నేను నోరు తెరిచేలోపల హెడ్‌మిస్ట్రెస్ నన్ను ముందుకు పిలిచి, ఈ రోజుల్లో ఇంత బాధ్యతగా పనిచేసే ఉద్యోగులు అరుదు అని రెండు నిమిషాలు మాట్లాడి, నా భుజాల మీద శాలువా కప్పారు. చప్పట్లు. నా ఉద్యోగ జీవితంలో నాకు జరిగిన సన్మానం అదొక్కటే. కంపెనీ వాళ్లు తర్వాత రిటైర్‌మెంటు రోజున గోడ గడియారం ఇచ్చారు గానీ, చప్పట్లు కొట్టలేదు.

శాలువాతోనే చెప్పాను. ఆ యాప్ మూతపడిందని, ఇక రాదని, సర్వర్ మార్చడం అనేది నేను కల్పించానని చెప్పాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్లీ ఏదైనా కల్పిస్తానని భయం.

ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గంగాళం మీద మూత ఎవరో మెల్లగా పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“ఎప్పట్నించి తెలుసు మీకు?”

సోమవారం నుంచి అన్నాను. ఆమె నా దగ్గరికి వచ్చి, శాలువా నా భుజాల మీద నుంచి తీసి, మడతలు చెడకుండా నాలుగు మడతలు వేసి, తిరిగి బీరువాలో పెట్టి తాళం వేశారు. నలభై ఏళ్లు బడిపిల్లల్ని చూసిన మనిషి. నన్ను ఇంకేమీ అనాల్సిన అవసరం లేదని ఆమెకు తెలుసు.

పాలకేంద్రం కోడలు మాత్రం ఏడ్చింది. మా అత్త కన్నుతో ఆడుకున్నారు కదా సార్ అని, గొంతు పెంచకుండానే అంది. రేపటికి ఆపరేషన్ మార్పించానని, తిరుపతికి నేనే తీసుకెళ్తానని చెప్పాను. అప్పటిదాకా తెర వైపే తిరిగి ఉన్న ముసలామె, ఇవేవీ తనకు సంబంధించినవి కానట్టు అడిగింది.

“అయితే ఆ బిడ్డ కనుక్కున్నాడా లేదా?”

గదిలో ఎవరికీ తెలియదు. డెస్కు అమ్మాయికి తెలుసు. ఆ సీరియల్ వేరే దేశాల్లో పూర్తిగా వచ్చేసింది, చివరి రెండు భాగాల కథ ఎవరో ఇంగ్లీషులో రాసి పెట్టింది ఆ వారమే చదివిందట. చెప్పమని అందరూ ఆమె చుట్టూ చేరారు. నేను ఆమెను వరండాలోకి పిలిచి, చివర్లో ఏమవుతుందని అడిగాను. చెప్పింది. విన్న తర్వాత నేను చేసిన పని రాయడానికి సిగ్గుగానే ఉంది. నిజం చెప్పి పది నిమిషాలు కూడా కాలేదు. అది వద్దమ్మా, తల్లీ కొడుకులు కావలించుకున్నారని చెప్పేయ్, ఎవరికి తెలుస్తుంది, ముసలామె సంతోషంగా ఆపరేషన్‌కు పోతుంది అన్నాను.

“ఇది కూడా క్లోజ్ చేసేద్దామంటారా సార్?”

అంతే అంది. లోపలికి వెళ్లి ముసలామె పక్కన కింద కూర్చుంది.

ఆ అమ్మాయి అంతసేపు మాట్లాడగలదని నాకు తెలియదు. వాళ్ల నాయన గుడ్డ పరిచి బొమ్మ తర్వాత బొమ్మ చూపించినట్టు చెప్పింది. రేవు ఎట్లా ఉంది, వాన ఎప్పుడు మొదలైంది, గిన్నె అంచు ఎక్కడ పెచ్చు లేచింది, అన్నీ. మధ్యలో హెడ్‌మిస్ట్రెస్, వంటామె ఏ రంగు కోటు వేసుకుంది అని అడిగితే, అది రాసిలేదు మేడం అంది. తెలియనిది తెలియదని చెప్పడం మా ఆఫీసులో ఎవరూ నేర్పరు. ఎక్కడ నేర్చుకుందో.

చివర ఇంతే. కుర్రవాడు పులుసు నోట్లో పెట్టుకోగానే కనుక్కున్నాడు. చిన్నప్పటి రుచి అది. తలెత్తి ఆమెను చూశాడు. ఆమె కూడా కనుక్కుంది, అతనికి తెలిసిపోయిందని. ఇద్దరిలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. గిన్నె ఖాళీ చేశాడు, బాగుందమ్మా అని లేచి వెళ్లాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. రోజూ వస్తున్నాడు. ఆమె రోజూ గిన్నె తెచ్చి పెడుతోంది. అక్కడ అయిపోయింది.

అప్పుడు లేచింది గలాటా. పదహారు భాగాలు నడిపించి, తల్లీ కొడుకుల్ని కావలించుకోనీకుండా పంపిస్తారా అని హెడ్‌మిస్ట్రెస్ మండిపడ్డారు. బట్టలకొట్టు యజమాని భార్య, లేదు, అదే బాగుంది అంది. నిమిషంలో గది రెండు పార్టీలైంది. కొరియావాళ్లకు కుటుంబ విలువలు తెలియవని ఒకరు, మనకే ఎక్కువైపోయాయని ఇంకొకరు. మెట్ల మీది మొగుళ్లు కిటికీలో తలలు పెట్టి, ఏమైందని అడిగారు. చివరికి హెడ్‌మిస్ట్రెస్ నా వైపు వేలు చూపించి, ఈ అమ్మాయిది కూడా ఆయన ఆఫీసే కదా, ఇది కూడా ‘శుక్రవారం ఆరుగంటల’ మాదిరి కథేమో అన్నారు. సగంమంది తలలూపారు. నా అబద్ధం ఆ అమ్మాయి నిజాన్ని కూడా పాడుచేసిందని అప్పుడు అర్థమైంది. ముసలామె ఏ పార్టీలోనూ చేరలేదు. పక్కకు తిప్పిన తలతో ఆ అమ్మాయి వైపే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున బస్సులో తిరుపతికి వెళ్లాం. కోడలు అత్త పక్కన కూర్చుంది, నేను వెనక సీట్లో. మధ్యాహ్నం ఆపరేషన్ జరిగింది. బయటికొచ్చిన డాక్టరును, గురువారమే చేసి ఉంటే తేడా ఉండేదా అని అడిగాను. ఆయన కాగితాలు రెండు తిప్పి, ఎంత ముందు చేస్తే అంత మంచిదే అని, తర్వాతి పేరు పిలిపించారు. ఆ మూల నుంచి చూసే చూపులో కొంత నిలిచింది, కొంత పోయింది. పోయిన దానిలో ఆ రెండు రోజుల వాటా ఎంతో నాకు ఈనాటికీ తెలియదు. ఇంకో డాక్టరును అడగవచ్చు. అడగలేదు.

సోమవారం నేను మూసేసిన పాతిక కంప్లెయింట్లనూ తిరిగి తెరిచాను. ప్రతి దాని కిందా, ఈ సేవ శాశ్వతంగా ఆగిపోయింది, శుక్రవారం వస్తుందని నేను చెప్పింది అబద్ధం అని రాశాను. ఆ గడిలో కొన్ని అక్షరాలే పడతాయని నాకు గుర్తులేదు. పైవాళ్ల దగ్గర తెరిచి చూస్తే ‘ఈ సేవ శాశ్వతంగా ఆగిపోయింది, శుక్రవారం వస్తుందని’ అని కనిపించిందట. ఏ శుక్రవారం అని అడుగుతూ మేనేజరుకు లేఖ వచ్చింది. మేనేజరు నాకు మెమో ఇచ్చాడు. మీరు రిటైరయ్యే ముందు ఇది అవసరమా సార్ అని బాధగా అడిగాడు. పాపం, ఆ నెల అతని తెర ఎర్రగానే ఉంది. మెమోకు సంతకం పెట్టి తీసుకున్నాను.

గ్రూపు ఏమైందని మీరు అడగవచ్చు. నల్లరంగు పదిరోజులే ఉంది. కొందరు టర్కీ సీరియళ్లకు మారారు, వాళ్లను హెడ్‌మిస్ట్రెస్ గ్రూపు నుంచి తొలగించారు. ఆమె స్వయంగా ఒక నోటుబుక్కు కొని కొరియా అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. అసలు భాషలో చూసి చివర ఏమైందో తానే తేలుస్తారట. ఇది రెండేళ్ల కిందటి మాట, ఇప్పుడు ఐదో నోటుబుక్కులో ఉన్నారని విన్నాను. నా నంబరును ఆమె ఫోనులో ‘శుక్రవారం’ అనే పేరుతో దాచుకున్నారని డెస్కు అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయిని మాత్రం వారానికొకసారి పిలిపించుకుని, ఆగిపోయిన మిగతా సీరియళ్ల కథలు చెప్పించుకుంటారు. రాసిలేనిది అడగకూడదని అక్కడ నియమం పెట్టుకున్నారట.

రిటైరయ్యాక ఒకరోజు పలమనేరు వెళ్లాను. స్టీలు డబ్బా తిరిగి ఇవ్వాలన్నది సాకు. పాలకేంద్రం ముందర ఎండలో ముసలామె కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. కోడలు లోపల పాలు కొలుస్తోంది, నన్ను చూసి కాఫీ పెట్టమని ఎవరికో చెప్పింది. ముఖం ముడుచుకోలేదు, అట్లాగని నవ్వలేదు కూడా. ముసలామె నా గొంతు గుర్తుపట్టింది. చూపు ఎట్లా ఉందని అడిగాను.

“మనిషి వచ్చేది తెలుస్తాది. ఎవురో తెలీదు. దగ్గిరికొచ్చి మాట్లాడితే తెలుస్తాది. చాలులే.”

క్షమించమని అడగాలని బస్సులో వస్తూ మాటలు కూర్చుకున్నాను. ఆమె ముందు కూర్చున్నాక ఒక్కటీ బయటికి రాలేదు. దాని బదులు, ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిన చివర మీరు నమ్మారా అవ్వా అని అడిగాను. హెడ్‌మిస్ట్రెస్ ఇంకా నమ్మలేదని కూడా చెప్పాను.

ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

“ఎందుకు నమ్మను. ఆ పాప సెప్పింది కాబట్టే నమ్మినా. నువ్వు సెప్పినుంటే ఇద్దుర్నీ కావిలించుకోబెట్టి పంపించుందువు.”